నడివయస్సున భూమివిద్య

కట్టడముల పనిలోనో, బ్యాంకు అప్పుల శాఖలోనో పదునైదేండ్లు గడపి, నలుబదవ యేట కొలువు మాని, స్థిరాస్తి వ్యవహారమును ద్రవ్యశాస్త్రముతో గలిపి చదువుటకై సీమకు పయనమగువారు మనలో నిప్పుడు కానవచ్చుచున్నారు. “ఈ వయస్సున మరల బడియా?” యని బంధువులును, “భూములు కొని యమ్ముటకు గూడ చదువా?” యని యిరుగుపొరుగువారును అడుగుదురు. మొదటి ప్రశ్న తేలికగా ద్రోసివేయదగినది కాదు. రెండవదానికి మాత్రము వెంటనే జవాబు చెప్పవచ్చును.

ఇంగ్లండునందు భూమిని వెలగట్టుట వృత్తియై చాలకాలమైనది. 1868లో లండనునందు సర్వేయర్ల సంఘ మేర్పడి 1881లో రాజశాసనమును బడసినది. ఎస్టేటుల నిర్వహణము నేర్పుటకు 1919లో ప్రత్యేక కళాశాల వెలసినది. నేడు రెడింగు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములందు ఈ విద్యలో పై తరగతి పట్టములు గలవు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక సంస్థ 1983లో ఇందుకై ఒక కేంద్రమును నెలకొల్పినది.

అక్కడ నేర్పు విద్యకు మూలము ఒక చిన్న లెక్క. ఏటికి 12 లక్షల రూపాయల యద్దె వచ్చు కట్టడ మున్నదనుకొందము. కొనువాడు తన సొమ్ముపై నూటికి 8 వంతున రాబడి గోరెనేని దాని వెల కోటి 50 లక్షలు. 6 వంతునకే తృప్తిపడెనేని 2 కోట్లు. గోడ లవే, అద్దె యదే, అద్దెకున్నవారును వారే. వెల మాత్రము 50 లక్షలు పెరిగినది. ఈ పెరుగుదల వడ్డీ తగ్గుటవలన వచ్చినదా, అద్దె హెచ్చునను నాశవలన వచ్చినదా, పొరుగువాడు కొన్నాడను తొందరవలన వచ్చినదా విడదీసి చెప్పుటయే యీ విద్యకు ప్రాణము. పదేండ్ల పిమ్మట రానున్న యద్దెను నేటి రూపాయలలోనికి దించుట, ఖాళీపడు నెలలను మరమ్మతులను అప్పు గడువును అందు జేర్చుట తరువాతి పాఠములు. 2008లో అమెరికా ఇండ్ల యప్పులు లోకమునెల్ల కుదిపినప్పుడు ఆ ఆశ యెంత వెల పలుకునో అందరకును దెలిసినది. మన యూళ్లలో లెక్కలు లేకపోలేదు. గజము ధర నేడెంత, నిరు డెంత, రోడ్డు పడిన నెంత యగును. ఇంతటితో మన లెక్క ముగియును. అద్దె మాట యెత్తువాడరుదు.

ఈ తీరు ఇక సాగదు. అద్దెనిచ్చు కట్టడములను వాటాలుగా జేసి సామాన్యులకమ్ము రీట్ అను ట్రస్టులకు అమెరికా 1960లో చట్టము చేసెను. మన సెబీ 2014లో నిబంధనలు వెలువరించెను. 2019లో మొదటి ట్రస్టు స్టాకు బజారుకెక్కెను. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ ట్రస్టులో హైదరాబాదు మాదాపురపు కట్టడములును జేరియున్నవి. ఇట్టి ట్రస్టు పంచదగిన నగదులో నూటికి 90 వంతులకు తక్కువగాకుండ వాటాదారులకు పంచవలెనని నియమము. 2016 నాటి రెరా చట్టమో, కొనువారి సొమ్ములో నూటికి 70 వంతులు వేరు ఖాతాలో నుంచి ఆ కట్టడమునకే వెచ్చింపుమన్నది. ఒక వెంచరు డబ్బుతో వేరొక వెంచరునకు భూమి కొను పాత యలవాటునకు ఇది గొడ్డలిపెట్టు. కావున అద్దె యొప్పందమును జదివి వెలగట్టగలవారికిని, సొమ్ము రాకపోకలను ముందుగా లెక్కవేయగలవారికిని పని గలదు.

అయితే చదివి వచ్చినవానికి ఇంటివద్ద ఎదురగు చిక్కు వేరు. ఇంగ్లండునందు భూమిహక్కుల రిజిస్టరు 1990 నుండి ప్రజలందరకు తెరువబడియున్నది. 1995 నుండి జరిగిన ఇండ్ల యమ్మకముల వెలలు బహిరంగముగా దొరకును. మన 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము దస్తావేజును నమోదు చేయునేగాని భూమి వానిదే యని పూచీపడదు. అందుచేతనే ఈసీయు, లింకు దస్తావేజులును చంకనిడుకొని వకీలువద్దకు బరుగెత్తుట. దస్తావేజున వ్రాసిన వెలయు, చేతులు మారిన సొమ్మును ఒక్కటియగుట యెంత యరుదో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు. ఇరుగుపొరుగు అమ్మకములతో సరిపోల్చి వెలగట్టు పద్ధతి సీమలో తిన్నగా నడచును. ఇచట మొదటి యంకెయే యబద్ధమైనచో తుది యంకె యేమగును? హక్కునకు ప్రభుత్వమే పూచీపడుటకై ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టము 2023 అక్టోబరున అమలునకు వచ్చి, తమ భూములేమగునో యను భయమును ప్రజలలో రేపి, 2024లో రద్దయినది. తెలంగాణమున 2020లో వచ్చిన ధరణికి బదులు 2025లో భూభారతి వచ్చినది. వాని గుణదోషములు వేరు చర్చ.

ఇక బంధువుల ప్రశ్న. ఇరువదినాలుగేండ్ల వానికి పెట్టిన సొమ్ము రాబట్టుకొనుటకు అరువదవ యేటివఱకు 36 ఏండ్లు గలవు. నలుబదేండ్ల వానికి 20 మాత్రమే. పైగా చిన్నవాడు కోలుపోవునది ఫీజు, బస ఖర్చు. పెద్దవాడు ఒక యేటి జీతమును గూడ కోలుపోవును. ఇంటి యప్పు వాయిదాలును, పిల్లల బడి ఫీజులును, తల్లిదండ్రుల మందులును ఆ యేడు సెలవు దీసికొనవు. పాఠ్యక్రమము మీద సాగు ఎం.ఎస్సీ. విద్యార్థులు ఆలుబిడ్డలను వెంటదెచ్చుకొనరాదని బ్రిటను 2024 జనవరి నుండి కట్టడి చేసినది. కాపురము రెండు ఖండములలో నడువవలసినదే. కట్టడమును వెలగట్టుటకు ముందు ఈ లెక్కతో తన్ను తాను వెలగట్టుకొనుట మేలు. అంకె యెదురు తిరిగినచో సిగ్గుపడనక్కఱలేదు: 1919 నాటి ఆ కళాశాలయే నేడు విశ్వవిద్యాలయమై దూరవిద్యగా ఈ పాఠములు చెప్పుచున్నది.

పట్టము గోడకు తగిలించుకొనుటకైనచో వెళ్లవలదని మా మాట. అనుమతి చేతికి రాక రెండేండ్లు ఆగిన కట్టడమునకు వడ్డీ యెట్లు పేరుకొనునో కన్నులార జూచినవాడు, ఆ లెక్క తేల్చుకొనుటకు వెళ్లినచో, తరగతిలో తనకంటె పదునైదేండ్లు చిన్నవారి నడుమ కూర్చుండియు వెనుకబడడు. అట్టివాడు సిద్ధాంతవ్యాసమునకు లండను ఆఫీసుల యద్దెలను ఎన్నుకొనక, విజయవాడ బీసెంటు రోడ్డున దుకాణము దుకాణమునకు దిరిగి అద్దెయు, అడ్వాన్సును, ఖాళీపడిన నెలలును వ్రాసికొని తీసికొనిపోయినచో, అచటి గురువులకును క్రొత్తగా చదువదగినది కొంత దొరకును.