మోటారు పెద్దదైతే నీళ్లు ఊరవు!

బోరులో నీళ్లు పడితే చాలు, గండం గట్టెక్కినట్టే అనుకుంటాం. అసలు లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది. లోపలికి ఎన్ని హెచ్‌పీల మోటారు దించాలి? పంపుకు ఎన్ని స్టేజీలుండాలి? ఇది తప్పితే చీనీ తోటకు పెట్టాల్సిన డబ్బు వైండింగు షాపుకు చేరుతుంది.

అనంతపురానికి ఉత్తరాన, హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి మీద ఉంటుంది గార్లదిన్నె. ఈ మండలంలోని పెనకచెర్ల దగ్గరే మిడ్‌పెన్నార్ జలాశయం ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు అందులోకి చేరతాయి. అయినా కాలువ అందని మెట్ట పొలాలకు బోరే దిక్కు. జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. అడుగున గట్టి రాయి. నీరు దొరికేది ఆ రాతి పగుళ్లలోనే. అందుకే పక్కపక్క పొలాల్లోని బోర్లు కూడా ఒక్కలా ఉండవు. పొరుగు రైతు దించిన మోటారే మనకూ సరిపోతుందనుకోవడం పొరపాటు.

ఇంచుల్లో మర్మం

బోరు నీటిని ‘వి’ ఆకారపు గాడిలోంచి పారించి ఇంచుల్లో కొలుస్తారు. రెండించులంటే గంటకు సుమారు 3 వేల లీటర్లు. మరి మూడించులు? నాలుగున్నర వేలు కాదు, దాదాపు 8 వేలు! గాడిలో మట్టం కొద్దిగా పెరిగినా ప్రవాహం చాలా పెరుగుతుంది. అందుకే కంటి అంచనాతో మోటారు కొనకూడదు.

రెండో లెక్క ఎత్తుది. మోటారు ఆడుతున్నప్పుడు నీరు ఎంత లోతుకు దిగి నిలుస్తుందో అక్కడి నుంచి కొలవాలి. డ్రిప్ ఉంటే కిలో ఒత్తిడికి మరో 33 అడుగులు కలపాలి. మొత్తం 330 అడుగులు, రెండించుల నీళ్లయితే 3 హెచ్‌పీ చాలు. అక్కడ ఏడున్నర దించితే కాసేపట్లోనే బోరు ఖాళీ అవుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే. అది లేకుండా తిరిగితే కాలిపోతుంది.

స్టేజీల సంగతేంటి?

పంపులో ఒకదానిపై ఒకటిగా ఉండే ఇంపెల్లర్లే స్టేజీలు. ఒక్కోటీ నీటిని కొంత ఎత్తుకు నెడుతుంది. అవి చాలకపోతే నీరు పైదాకా రాదు. ఉన్నచోటే చిలుకుతూ పంపు వేడెక్కుతుంది. మోటారు శక్తికి మించి ఉంటే అది ఎక్కువ కరెంటు లాగుతుంది.

సముద్రంలో తిరిగే తెరచాప పడవలదీ ఇదే కథ. గాలి లేనప్పుడు వాడే చిన్న ఇంజనుకు మరీ పెద్ద ప్రొపెల్లర్ తగిలిస్తే పూర్తి వేగం అందుకోలేక నల్లపొగ కక్కుతుంది. మరీ చిన్నదైతే రొదే తప్ప పడవ ముందుకు పోదు. నీటిలో తిరిగే చక్రం ఏదైనా ఇంజనుకూ పనికీ జోడీ కుదరాలి.

కొనేముందు...

* బోరు దిగుబడిని ఎండాకాలంలో పరీక్షించుకోవాలి. వానాకాలం కొలత మోసం చేస్తుంది.
* పంపు కంపెనీ ఇచ్చే పట్టికలో మన ఎత్తుకు ఎన్ని లీటర్లు వస్తాయో చూడాలి.
* ఐఎస్ఐ గుర్తు, స్టార్ లేబుల్ ఉన్నవే తీసుకోవాలి.
* నీళ్లు లేనప్పుడు, ఒక ఫేజు పోయినప్పుడు మోటారును ఆపే పరికరాలు స్టార్టరుకు పెట్టించాలి.

2004 నుంచి సేద్యానికి ఉచిత కరెంటు ఉంది కాబట్టి మోటారు తప్పు బిల్లులో కనిపించదు. అది బయటపడేది వైండింగు కాలినప్పుడు, బోరు ఎండినప్పుడు. పెద్ద మోటారు కొత్త నీటిని పుట్టించదు. ఉన్న నీటిని తొందరగా తోడేస్తుందంతే!