నూరేళ్ళాయుష్షు లెక్క

ఫోనెత్తగానే “నీకు నూరేళ్ళాయుష్షు, ఇప్పుడే నీ గురించి అనుకుంటున్నాం” అనే మాట వినపడని తెలుగిల్లు అరుదు. పొలమారితే ఎక్కడో ఎవరో తలుచుకుంటున్నారని చెప్పుకునే మనకు, ఎత్తకముందే ఆ ఫోను ఎవరిదో తెలిసిపోవడం పెద్ద వింతగా తోచదు. ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన జీవశాస్త్రవేత్త రూపర్ట్ షెల్డ్రేక్. ఫోన్ చేయగల నలుగురి పేర్లు ఫోనెత్తే మనిషికి ముందే తెలుసు. వారిలో ఎవరు ఫోన్ చేయాలో పాచిక తేలుస్తుంది. గంట మోగాక, ఎత్తకముందే పేరు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా నాలుగింట ఒకటి, అంటే 25 శాతం తగలాలి. పమేలా స్మార్ట్‌తో కలిసి 2003లో ఆయన ప్రచురించిన ఫలితాల ప్రకారం, 63 మంది చేసిన 571 ప్రయత్నాల్లో 40 శాతం సరిపోయాయి. వీడియో తీస్తూ నలుగురితోనే చేయించిన 271 ప్రయత్నాల్లో అది 45 శాతం.

ఆ అంకెల సంగతి తర్వాత. ముందు మన ఇళ్ళలో జరిగేది చూద్దాం, ఎందుకంటే అక్కడ ‘తెలియడం’ చాలాసార్లు నిజమే. కాకపోతే అది మనసు మనకు చెప్పకుండా వేసుకున్న అంచనా. వేసవిలో హైదరాబాదులో ఆదివారం ఉదయం ఎనిమిదంటే డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర. పిల్లల్ని పడుకోబెట్టి అమ్మాయి తీరిక చేసుకునే వేళ. ఆ వేళకు గంట మోగితే తల్లికి కూతురే అనిపించడంలో ఆశ్చర్యమేముంది? తండ్రి ఆబ్దికం రోజున విజయవాడలో అన్నకు చెల్లెలు గుర్తొస్తుంది, విశాఖలో చెల్లెలికి అన్న గుర్తొస్తాడు. ఒకరి తలపు రెండోవారికి చేరలేదు. ఇద్దరినీ ఒకే తిథి కదిలించింది. సంబంధం చూసొచ్చిన సాయంత్రమైనా, పరీక్ష ఫలితాల రోజైనా ఇంతే. దగ్గరివాళ్ళ విషయంలోనే ఈ అనుభవం ఎక్కువంటారు. దగ్గరివాళ్ళ అలవాట్లే కదా మనకు బాగా తెలిసినవి!

అంచనాకు అందనివీ ఉంటాయి. ఏళ్ళ తరబడి మాటల్లేని మిత్రుడు గుర్తొచ్చాడు, అంతలో అతని కబురే వచ్చింది. భౌతికశాస్త్రవేత్త లూయీ ఆల్వరెజ్‌కు అలాంటిదే ఎదురైంది. పత్రిక చదువుతూ పాత పరిచయస్తుణ్ణి తలుచుకున్న కాసేపటికే, అదే పత్రికలో అతని మరణవార్త కనిపించింది. ఆల్వరెజ్ లెక్క కట్టి 1965లో ‘సైన్స్’ పత్రికకు రాశాడు: ఒక్క మనిషికి ఇలా జరిగే అవకాశం అత్యల్పమే అయినా, అంత పెద్ద అమెరికాలో ఉత్త యాదృచ్ఛికంగానే రోజుకు పది దాకా జరగాలి. ఆ పదిమందీ తమ కథ జీవితాంతం చెప్పుకుంటారు. తలుచుకున్నా ఏ కబురూ రాని లక్షల మందికి చెప్పుకోవడానికి కథే ఉండదు. మరో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ మాత్రం అలా ఏమీ జరగని కథనే గుర్తుపెట్టుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఒకసారి బామ్మ పోయిందని అతనికి ఉన్నట్టుండి తోచింది, వెంటనే ఫోన్ మోగింది. ఆ ఫోన్ ఇంకొకరికి. బామ్మ నిక్షేపంగా ఉంది.

మరి షెల్డ్రేక్ 45 శాతం మాటేమిటి? పాచిక వేశాక అలవాట్లూ తిథులూ పనిచేయవు, నిజమే. కానీ చెప్పిన వేళకు ఒకరు టంచనుగా, ఇంకొకరు అర నిమిషం ఆలస్యంగా చేసే మనుషులైతే, గంట మోగిన క్షణమే గుట్టు విప్పుతుంది. ఆ ప్రయోగాల్లో అదే జరిగిందని చెప్పలేం గానీ, ఇలాంటి సందు ఉన్నప్పుడు వేరేవాళ్ళు చేసి చూడటమే దారి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పరిశోధకులు లోబాక్, బీర్మన్‌లు 2004లో ప్రచురించిన 214 ప్రయత్నాల్లో వచ్చింది సుమారు 29 శాతం. 25ను దాటిందే గానీ 45 దరిదాపుల్లో లేదు. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌ పరీక్షల్లో మొత్తం మీద తేడాయే కనిపించలేదు. ప్రేమానుబంధాలు ప్రయోగశాలకు లొంగవని కొందరంటారు. ఆ వాదం షెల్డ్రేక్‌కే ఎదురు తిరుగుతుంది: ఆయన చూపిస్తున్న ప్రధాన ఆధారం ప్రయోగాలదే, బాగా సరిపోయిందంటున్నదీ ఆత్మీయుల విషయంలోనే.

ఇంట్లో చేసి చూడాలనుకునేవారు ఫోన్ తెర కనపడకుండా బోర్లించాలి, అందరికీ ఒకే రింగ్‌టోన్ పెట్టాలి, పేరు కాగితం మీద రాశాకే ఎత్తాలి. ఎవరైనా గట్టిగా గుర్తొచ్చి, ఆ పూటంతా వాళ్ళు ఫోన్ చేయకపోతే దాన్నీ అదే కాగితం మీద రాసుకోవాలి. అసలు కష్టం ఈ రెండో పనితోనే.