చెవిపోటుకు మూలం కంఠంలో ఉండవచ్చు

నిరుడు కార్తికమాసంలో గోదావరీస్నానం, పారాయణ సాగుతుండగా నాకు గొంతునొప్పి, దానితోపాటు కుడిచెవిలో పోటు మొదలైనవి. చన్నీళ్లే కారణమని తలచి నెలకు పైగా ఉప్పునీరు పుక్కిలించాను, చెవిలో చుక్కలమందు వేసుకొన్నాను. గుణం కనిపించలేదు.

రాజమహేంద్రవరంలో వైద్యులు పరీక్షించి, "పంతులుగారూ, చెవిలో దోషమేమీ లేదు, బాధ గొంతుది" అన్నారు. కంఠానికీ చెవికీ కొన్ని నాడులు ఉమ్మడి. అందువలన గొంతులోని నొప్పి చెవిలో ఉన్నట్లు తోస్తుంది.

సుశ్రుతుడు 65 ముఖరోగాలు పేర్కొని, వానిలో 17 కంఠగతములన్నాడు. గొంతునొప్పికి కారణం ఒక్కటే కాదు. టాన్సిల్స్ వాపు, ధూళి పడకపోవడం, అతిగా గొంతెత్తి చదవడం, పుచ్చిన దవడపన్ను కూడా కారణాలు కావచ్చు. నేను నక్తవ్రతంలో రాత్రి భుజించి, వేకువనే లేవాలని వెంటనే శయనించేవాడిని. అందుచేత జఠరంలోని ఆమ్లరసం గొంతుదాకా ఎగదన్నుతోందని తేలింది. భోజనానికీ నిద్రకూ 3 గంటల ఎడమిచ్చి మందు వాడగా ఉపశమించింది.

అందరికీ ఇంత తేలికగా తీరదు. కంఠంలో పుట్టిన కేన్సరు కూడా తొలుత ఒకవైపు చెవిపోటుగా కనిపించవచ్చు. నొప్పి 3 వారాలు దాటినా, మింగుడు కష్టమైనా, స్వరం బొంగురుపోయినా, మెడలో గడ్డ తగిలినా చెవి ముక్కు గొంతు వైద్యునికి చూపించాలి. లంకపొగాకు చుట్ట, జర్దా అలవాటున్నవారు మరింత జాగ్రత్తపడాలి. తొలిదశలోనే గుర్తిస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ.

నేను నెల ఆలస్యం చేసి కూడా గట్టెక్కాను. యాత్ర ముగిశాక చూద్దామని మీరు ఆగవద్దు. స్వస్తి.