లెక్కలకూ, పాలు లేని వంటకూ మనకున్న గురువులు



ఈ సంచికలో రెండు విషయాలు కలిపి రాస్తున్నాను. ఒకటి లెక్కలు. రెండోది పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం ఏవీ లేకుండా వండే వంట. ఈ రెండింటికీ సంబంధం ఏటని మీరు నవ్వుతారు. నవ్వండి గాని చివరిదాకా చదవండి. మన హాస్టల్లో అమ్మాయిల కళ్లల్లో నీళ్లు తిరిగేది ఎక్కువగా రెండు చోట్ల. లెక్కల పీరియడ్‌లో, పొద్దున్న పాల గ్లాసు ముందు. లెక్కలు రాకపోతే "మనకి లెక్కలు రావు" అంటారు. పాలు తాగకపోతే "పొగరు" అంటారు. రెండూ నిజం కాదు.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. సెలవులకి ఇంటికి వెళ్తే లెక్క అడగడానికి ఎవరూ ఉండరు. మీలో చాలామందికి ఇంతే కదా. అందుకని డబ్బు పెట్టకుండా మనకి దొరికే గురువులు ఎవరో, ఎక్కడున్నారో వెతికి రాశాను.

లెక్కలకి గురువులు

1. కింది తరగతి పుస్తకాలు. తొమ్మిదో తరగతి లెక్క అర్థం కాలేదంటే చాలాసార్లు అడ్డం పడేది తొమ్మిదో తరగతి పాఠం కాదు. ఆరో తరగతి భిన్నాలు, ఏడో తరగతి రుణ సంఖ్యలు. పోడు ఎక్కేటప్పుడు మధ్యలో మెట్టు విరిగిపోతే పైమెట్టు మీద ఎంత గెంతినా లాభం లేదు, కిందకి దిగి ఆ మెట్టు కట్టుకోవాలి. లైబ్రరీలో ఆరు, ఏడు, ఎనిమిది పుస్తకాలు ఉన్నాయి. చెల్లెళ్లని అడిగినా ఇస్తారు. అడగడానికి సిగ్గు పడొద్దు.

2. ఎదురు పేజీ. మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీషులో అర్థం కాని వాక్యం తెలుగులో చదవండి. తెలుగులో "చరరాశి", "గుణకం" అని గ్రాంథికంగా ఉంటే ఇంగ్లీషు మాట చూడండి. రెండూ కలిపితే మన ముగ్గురు నలుగురిలో ఒకరికైనా వెలుగుతుంది. ఆ ఒకరు మిగతావాళ్లకి చెప్పాలి. పాఠం దగ్గర ఉన్న చుక్కల గడిని క్యూఆర్ కోడ్ అంటారు. కంప్యూటర్ గదిలో సార్‌ని అడిగితే దానితో దీక్ష అనే చోట పాఠం వీడియో చూపిస్తారు.

3. ఉదాహరణలు. అభ్యాసం లెక్కలకి ముందు చేసి చూపించిన లెక్కలు ఉంటాయి. వాటిని చదివేసి "తెలిసింది" అనుకుంటాం. అలా కాదు. ప్రశ్న చదివి, జవాబు మీద అట్ట పెట్టి మూసెయ్యండి. మీరు చెయ్యండి. ఆగిపోయినచోట అట్ట ఒక్క వరుస కిందకి జరపండి. మళ్లీ మూసెయ్యండి. ఇలా చేస్తే పుస్తకమే టీచర్ అవుతుంది.

శ్రీనివాస రామానుజన్ గారు 1887లో పుట్టారు. పదహారేళ్ల వయసులో కార్ అనే ఆయన రాసిన ఒక పుస్తకం ఆయన చేతికి వచ్చింది. దాంట్లో వేల సూత్రాలు ఉంటాయి గాని ఎలా వచ్చాయో వివరం చాలా తక్కువ. ఆయన ఒక్కొక్కటి పలక మీద తానే చేసి చూసుకున్నారు. పుస్తకాలు ఎన్ని ఉన్నాయని కాదు, ఉన్నదాన్ని ఎలా వాడుకున్నామని చూడాలి.

4. అగ్గిపుల్లలు. అరవింద్ గుప్తా అనే ఇంజినీరు గారు పారేసే వస్తువులతో ఆటబొమ్మలు చేసి లెక్కలు, సైన్సు చెప్తారు. ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలు అతికించమంటారు. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కండి, కదలదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి నొక్కండి, వాలిపోతుంది. అడ్డంగా ఒక పుల్ల కట్టండి, మళ్లీ నిలబడుతుంది. మన ఊళ్లో ఇంటి కప్పు వాసాలు త్రిభుజంలా ఎందుకు కడతారో అప్పుడు తెలుస్తుంది.

5. చెకుముకి. జన విజ్ఞాన వేదిక వాళ్ల పిల్లల మాసపత్రిక ఇది. సైన్సు, లెక్కలు తేలిక తెలుగులో ఉంటాయి. పాత సంచికలు అయినా పరవాలేదు, లెక్కకి పాత కొత్త లేదు.

6. మన భాష. సవరలో లెక్కపెట్టడం వినండి. ఒకటి నుంచి పన్నెండు వరకు వేరే వేరే పేర్లు. పన్నెండు అంటే మిగ్గెల్. పదమూడు అంటే మిగ్గెల్‌బోయ్, అంటే పన్నెండూ ఒకటి. అలా పన్నెండూ ఏడు పంతొమ్మిది. ఇరవైకి మళ్లీ కొత్త కట్ట. ముప్పై మూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభై మూడు అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. తెలుగులో పదుల కట్టలు, మాకు పన్నెండు, ఇరవైల కట్టలు. పన్నెండుని రెండు, మూడు, నాలుగు, ఆరుగురికి మిగలకుండా పంచొచ్చు. పదిని అలా పంచలేం. మా మామ్మకి అక్షరం రాదు గాని ఈ లెక్క నోటితో చేస్తుంది. మన పెద్దవాళ్లకి లెక్కలు రావని ఎవరైనా అంటే ఇది చెప్పండి.

గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆగస్టు 29న మనం జరిపే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే.

7. సంత. మా అమ్మ చింతపండు అమ్మితే ఒక వ్యాపారి ఏడు కిలోల నాలుగు వందల గ్రాములకి ఏడు కిలోల డబ్బే ఇచ్చాడు. పైది "తరుగు" అన్నాడు. కిలో 40 రూపాయలు అనుకుంటే 0.4 × 40 = 16 రూపాయలు. పదిమంది దగ్గర అలా తీస్తే 160. దశాంశాలు పరీక్షకి కాదు, ఇక్కడికి కావాలి. ఈసారి సెలవుల్లో మీ ఇంట్లోవాళ్లతో సంతకి వెళ్లండి. కాటా ముల్లు మీరు చూడండి, లెక్క మీరు కట్టండి.

పాలు లేని వంటకి గురువులు

జంతువుల నుంచి వచ్చేది ఏదీ లేని తిండిని ఇప్పుడు వీగన్ అంటున్నారు. ఆ మాట 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన స్నేహితులు తయారు చేశారు. మాట కొత్తది గాని తిండి మనకి కొత్తది కాదు. మా ఇంట్లో ఆవులున్నాయి, ఎద్దులు దున్నుతాయి. పాలు మాత్రం పితకరు. "అది దూడది" అంటుంది మామ్మ. పండగకి కోడి, అప్పుడప్పుడు ఎండుచేపలు తింటాం కాబట్టి మేము పూర్తిగా వీగన్ కాదు. కాని చాలా రోజులు మా ఇంట్లో చోడి అంబలి, బొబ్బర్లు, కందులు, ఆకుకూర, దుంపలు, ఇంతే.

ఇప్పుడు పాల గ్లాసు సంగతి. పాలలో లాక్టోజు అనే చక్కెర ఉంటుంది. అది అరగడానికి పేగులో లాక్టేజు అనే ఎంజైము కావాలి. చంటిపిల్లలందరికీ అది ఉంటుంది. పెద్దయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. వేల ఏళ్ల నుంచి పశువుల పాలు తాగే జాతుల్లో ఎక్కువమందికి తగ్గకుండా ఉండిపోతుంది. తగ్గినవాళ్లు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, నొప్పి, విరేచనాలు వస్తాయి. ఇది పొగరు కాదు. అలవాటు చేస్తే కొందరికి కొంచెం తట్టుకుంటుంది, కొందరికి తట్టుకోదు. మేడం గారూ, పాలు పారబోసే చెల్లెళ్లని తిట్టకముందు కడుపు ఎలా ఉందో ఒక్కసారి అడగమని మనవి. వాళ్లకి వేరే ఏం ఇవ్వొచ్చో కింద రాశాను.

మొదటి గురువు మన వంటమనిషి అప్ప. చోడి జావ ఉండకట్టకుండా ఎలా కాయాలో ఆమెని చూసి నేర్చుకున్నాను. నలభై మందికి కొలత ఇది. మనిషికి 30 గ్రాముల చోడి పిండి, అంటే 40 × 30 = 1,200 గ్రాములు. మనిషికి 250 మిల్లీలీటర్ల నీళ్లు, అంటే 10 లీటర్లు. రెండు లీటర్ల చల్లటి నీళ్లలో పిండి కలపాలి. మిగతా ఎనిమిది లీటర్లు మరిగించాలి. మరిగే నీళ్లలో పిండినీళ్లు సన్నగా పోస్తూ ఆపకుండా తిప్పాలి. పిండిని నేరుగా వేడినీళ్లలో వేస్తే పైపొర ఉడికి లోపల పచ్చిగా ఉండకడుతుంది. పచ్చివాసన పోయాక ఉప్పో, బెల్లమో వేసి దించాలి. దించేటప్పుడు వేయించి దంచిన నువ్వులు మనిషికి 10 గ్రాములు, అంటే 400 గ్రాములు.

రెండో గురువు హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. అది 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఏ తిండిలో ఏముందో కొలిచి పట్టికలు వేస్తారు. 2017 పట్టికలో 528 తిండి పదార్థాలు ఉన్నాయి. దాంట్లో 100 గ్రాముల చోళ్లలో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 100 గ్రాముల ఆవుపాలలో 118. నువ్వుల్లో వెయ్యి పైనే.

ఇక్కడ రెండూ కలుస్తాయి

150 గ్రాముల పాల గ్లాసులో కాల్షియం 118 × 1.5 = 177 మిల్లీగ్రాములు. దానికి బదులు చోళ్లు ఎన్ని గ్రాములు, నువ్వులు ఎన్ని గ్రాములు? చోళ్లని చ అనుకుందాం, నువ్వుల్ని న అనుకుందాం. గ్రాము చోళ్లలో 3.64. గ్రాము నువ్వుల్లో లెక్క సులువుకి 10 అనుకుందాం.

3.64 చ + 10 న = 177

ఇది మన రెండు చరరాశుల రేఖీయ సమీకరణం! న సున్నా అయితే చ దాదాపు 48.6. చ సున్నా అయితే న 17.7. చ 25 అయితే 91 పోను 86 మిగిలింది, కాబట్టి న 8.6. ఒక సమీకరణానికి సాధనలు చాలా ఉంటాయని సార్ చెప్తే "అదెలా" అనుకుంటాం కదా. ఇలాగే. గ్రాఫు కాగితం మీద ఈ మూడు బిందువులు పెట్టండి, ఒకే గీత మీద పడతాయి. ఇంట్లో చోళ్లు ఎక్కువ ఉంటే గీత మీద ఒకచోట, నువ్వులు ఎక్కువ ఉంటే ఇంకోచోట నిలబడతారు. పైన చెప్పిన జావలో 30 గ్రాముల చోళ్లకి 109.2, 10 గ్రాముల నువ్వులకి 100, మొత్తం 209.2. పాల గ్లాసు కన్నా ఎక్కువే.

కాని ఒక జాగ్రత్త. కాగితం మీద అంకె సమానమైతే ఒంటికి పట్టడం సమానం కాదు. చోళ్లలో, నువ్వుల్లో కాల్షియంని పట్టుకుని వదలని పదార్థాలు కూడా ఉంటాయి. చోళ్లు నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే అవి తగ్గుతాయి. అందుకే నేను కొలత సరిగ్గా 177 దగ్గర ఆపకుండా ఎక్కువ పెట్టాను.

ఇంకో మూడు మాటలు. బియ్యంలో తక్కువైన మాంసకృత్తుల భాగం పప్పులో ఉంటుంది, కాబట్టి అన్నంతో కంది, బొబ్బర్లు, ఉలవలు ఏదో ఒకటి ఉండాలి. ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మ, ఉసిరి, జామ ఏదైనా తోడు కావాలి, తిన్న వెంటనే టీ తాగకూడదు. మనలో రక్తం తక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది మరిచిపోవద్దు. బి12 విటమిన్ మాత్రం మొక్కల తిండిలో దొరకదు. పాలు, గుడ్డు, చేప, మాంసం అన్నీ మానేసినవాళ్లు డాక్టరుని అడిగి మాత్రలు వేసుకోవాలి. అందుకని పాలు పడని చెల్లెళ్లూ, గుడ్డు మానకండి.

మూడో గురువు మన ఊరి పెద్దవాళ్లు. ఏ కొండదుంప ఒకసారి ఉడికిస్తే చాలు, ఏది నాలుగుసార్లు నీళ్లు మార్చి ఉడికించాలి, ఏది ముట్టకూడదు, ఇవి ఏ పుస్తకంలోనూ మనకి దొరకవు. సెలవుల్లో ఒక నోటుబుక్కు తీసుకెళ్లి అడిగి రాసుకోండి. తెలియని దుంప మాత్రం ఎవరూ వండొద్దు.

మేడం గారికి నా మనవి. పాలు పడని అమ్మాయిల పేర్లు మేమే రాసి ఇస్తాం. వాళ్లకి ఆ పూట నువ్వుల చోడి జావ ఇప్పించండి. కొలతలు, సరుకుల లెక్క తొమ్మిదో తరగతి అమ్మాయిలం వారం వారం కట్టి చూపిస్తాం. వాళ్ల కడుపు బాగుంటుంది, మా లెక్కలూ బాగుపడతాయి.

ఈ సంచిక లెక్క: సవర పద్ధతిలో 57ని ఎలా చెప్తారు? ఎన్ని ఇరవైలు, ఎన్ని పన్నెండులు, ఎన్ని మిగిలినవి? జవాబు రాసి డార్మిటరీ గుమ్మం దగ్గర అట్టపెట్టెలో వెయ్యండి. సరైన జవాబులు వచ్చే సంచికలో పేర్లతో రాస్తాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని