కౌంటీ జైళ్ళ విస్తరణ

కౌంటీ జైళ్ళ విస్తరణ అనగా, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కౌంటీ ప్రభుత్వాల అధీనంలో ఉండే జైళ్ళలో ఖైదీల సంఖ్య ఉన్న వసతిని మించినపుడు, ఆ జైళ్ళకు కొత్త భవనాలను చేర్చడం, పాత భవనాలను పునర్నిర్మించడం. జైళ్ళ కిక్కిరింపును తగ్గించడం దీని ప్రధాన ఉద్దేశం. 1970వ దశకం నుండి ఆ దేశపు స్థానిక పాలనలో అత్యధిక వ్యయంతో కూడినవీ, అత్యధిక వివాదానికి గురైనవీ అయిన పనులలో ఇది ఒకటి. గదులు పెంచితే సమస్య తీరుతుందా, లేక లోనికి వచ్చేవారి సంఖ్యను, లోపల గడిపే కాలాన్ని తగ్గించాలా అన్నది ఈ వివాదంలోని ముఖ్యమైన ప్రశ్న.

కౌంటీ, జైలు - అర్థ వివరణ

కౌంటీ అనేది రాష్ట్రానికి దిగువన ఉండే పాలనా విభాగం. స్థూలంగా మన జిల్లాతో పోల్చవచ్చు. అయితే కౌంటీకి ఎన్నికైన పాలక మండలి, సొంత పన్నులు ఉంటాయి. అత్యధిక కౌంటీలలో షెరీఫ్ కూడా ప్రజలచే ఎన్నుకోబడిన అధికారియే. దేశంలో కౌంటీలు, వాటితో సమానమైన విభాగాలు కలిపి 3,100కు పైగా ఉన్నాయి. లూసియానాలో వీటిని పారిష్ అని, అలాస్కాలో బరో అని పిలుస్తారు.

తెలుగులో జైలు, కారాగారం అనే మాటలను ఒకే అర్థంలో వాడుతాము. అమెరికాలో ఈ రెండూ వేరు. నేరం రుజువై దీర్ఘకాలపు శిక్ష పడినవారిని రాష్ట్ర ప్రభుత్వపు లేదా ఫెడరల్ ప్రభుత్వపు కారాగారాలలో ఉంచుతారు. కౌంటీ జైలులో ప్రధానంగా విచారణ కోసం ఎదురుచూస్తున్నవారు, సాధారణంగా ఒక సంవత్సరం లోపు శిక్ష పడినవారు ఉంటారు. ఈ దృష్టితో చూస్తే ఇది మన సబ్ జైలును, జిల్లా జైలును పోలినది. అలాస్కా, కనెక్టికట్, డెలావేర్, హవాయి, రోడ్ ఐలండ్, వెర్మాంట్ రాష్ట్రాలలో మాత్రం జైళ్ళు, కారాగారాలు కలిసి రాష్ట్ర ప్రభుత్వ నిర్వహణలో ఉన్నాయి.

ఇటీవలి సంవత్సరాల లెక్కల ప్రకారం స్థానిక జైళ్ళలో ఉన్నవారిలో సుమారు 70 శాతం మంది నేరం ఇంకా రుజువు కానివారు. అనగా చట్టం దృష్టిలో వారు నిర్దోషులు. కిక్కిరింపు సమస్యను అర్థం చేసుకోవడానికి ఈ విషయం కీలకం.

కిక్కిరింపునకు కారణాలు

1983లో దేశంలోని స్థానిక జైళ్ళలో ఒక రోజున ఉన్న ఖైదీల సంఖ్య సుమారు 2,23,000. 2008 నాటికి ఇది సుమారు 7,85,000కు చేరింది. కోవిడ్ మహమ్మారి కాలంలో, 2020 మధ్య నాటికి, సుమారు 5,49,000కు పడిపోయి, 2023 మధ్య నాటికి మరల సుమారు 6,64,000కు పెరిగింది. ఈ పెరుగుదలకు ముఖ్య కారణాలు:

* మాదక ద్రవ్యాల కేసులలో అరెస్టులు పెరగడం.
* బెయిలుకు నగదు పూచీ కోరడం, పేదలు ఆ సొమ్ము చెల్లించలేక లోపలే ఉండిపోవడం.
* న్యాయస్థానాలలో విచారణ ఆలస్యం కావడం.
* రాష్ట్ర కారాగారాలలో చోటు లేక, శిక్ష పడినవారిని కూడా కౌంటీ జైళ్ళలోనే ఉంచవలసి రావడం.
* మానసిక రోగుల ఆసుపత్రులు మూతపడిన తరువాత, వాటికి బదులుగా ఊళ్ళలో చికిత్సా కేంద్రాలు తగినన్ని ఏర్పడక, అనేకమంది రోగులు చిన్న నేరాలపై జైలుకు చేరడం.

ఖైదీల సంఖ్య లెక్క

జైలులో సగటున ఒక రోజున ఎంతమంది ఉంటారన్నది రెండు సంఖ్యలపై ఆధారపడుతుంది: రోజుకు లోనికి వచ్చేవారి సంఖ్య, ఒక్కొక్కరు సగటున ఉండే రోజుల సంఖ్య. ఈ రెంటి లబ్ధమే సగటు జనాభా. ఉదాహరణకు ఒక కౌంటీలో రోజుకు 20 మంది వచ్చి, సగటున 15 రోజులు ఉన్నారనుకుందాం. అపుడు జైలులో 300 మంది ఉంటారు. విచారణ త్వరితమై సగటు 12 రోజులకు తగ్గితే, ఒక్క గది కూడా కట్టకుండానే ఆ సంఖ్య 240 అవుతుంది. అదే సగటు 20 రోజులకు పెరిగితే, ఒక్క అరెస్టు కూడా పెరగకుండానే 400 అవుతుంది.

మంచాల సంఖ్య అంతా వాడదగిన వసతి కాదు. స్త్రీలను, పురుషులను వేరుగా ఉంచాలి. హింసాత్మక నేరారోపణ ఉన్నవారిని ఇతరులతో కలపరాదు. రోగులకు, ఆత్మహత్యాయత్నం చేయగలరని అనుమానం ఉన్నవారికి ప్రత్యేక గదులు కావాలి. వారాంతాలలో, పండుగ దినాలలో సంఖ్య హఠాత్తుగా పెరుగుతుంది. అందువలన మంచాలలో 80 నుండి 90 శాతం నిండగానే జైలు ఆచరణలో నిండినట్లే అని ప్రణాళికా నిపుణులు భావిస్తారు. స్త్రీల విభాగంలో ఖాళీ మంచాలు ఉండగానే పురుషుల విభాగంలో నేలపై పడుకునే పరిస్థితి రావడానికి కారణం ఇదే.

న్యాయస్థానాల పాత్ర

1970వ దశకంలో ఖైదీల తరఫున అనేక వ్యాజ్యాలు దాఖలయ్యాయి. 1979లో బెల్ వర్సెస్ వుల్ఫిష్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, విచారణ ఖైదీలను శిక్షించే హక్కు ప్రభుత్వానికి లేదని చెప్పింది. అయితే ఒకరి కోసం ఉద్దేశించిన గదిలో ఇద్దరిని ఉంచినంత మాత్రాన అది శిక్ష కాదని కూడా తీర్పు ఇచ్చింది. ఆ కేసు న్యూయార్కు నగరంలోని ఒక ఫెడరల్ నిర్బంధ కేంద్రానికి సంబంధించినది. 1981లో రోడ్స్ వర్సెస్ చాప్‌మన్ కేసులో, ఒహాయో రాష్ట్ర కారాగారం విషయంలో, ఇటువంటి అభిప్రాయమే వెలువడింది. ఈ తీర్పుల తరువాత కేవలం మంచాల లెక్క కాక, ఆహారం, వైద్యం, పారిశుద్ధ్యం, భద్రత వంటి మొత్తం పరిస్థితులు విచారణకు ఆధారమయ్యాయి. 1996లో వచ్చిన ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ చట్టం, ఖైదీలను విడుదల చేయమని ఆదేశించే ఫెడరల్ న్యాయస్థానాల అధికారాన్ని పరిమితం చేసింది. అట్టి ఆదేశాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మాత్రమే, ఇతర మార్గాలు విఫలమైన తరువాతనే ఇవ్వవలెను.

నిర్మాణ పద్ధతులు

పాత జైళ్ళలో పొడవైన నడవాకు ఒక ప్రక్కన గదులు వరుసగా ఉండేవి. కాపలాదారు నడుస్తూ ఒక్కొక్క గదిని చూసేవాడు. అతడు ముందుకు సాగిపోగానే వెనుక గదులలో ఏమి జరుగుతున్నదీ తెలిసేది కాదు. తరువాతి పద్ధతిలో గదులను ఒక ఉమ్మడి హాలు చుట్టూ అమర్చి, అద్దాల గదిలో కూర్చున్న ఉద్యోగి అన్నింటినీ గమనించే ఏర్పాటు చేశారు.

మూడవది ప్రత్యక్ష పర్యవేక్షణ పద్ధతి. ఇందులో ఉద్యోగి అద్దం వెనుక కాక ఖైదీల మధ్యనే ఉంటాడు. తగవు మొదలయ్యేటప్పుడే గుర్తించి మాటలతో సర్దుబాటు చేయడం అతని పని. 1970వ దశకం మధ్యలో షికాగో, న్యూయార్కు, శాన్ డియాగో నగరాలలో నిర్మించిన ఫెడరల్ కేంద్రాలలో ఇది మొదలయింది. కౌంటీలలో మొదటగా కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా కౌంటీ 1981లో మార్టినెజ్ పట్టణంలో ప్రారంభించిన జైలులో దీనిని అనుసరించింది. కిక్కిరిసిన హాలులో ఒక్క ఉద్యోగి అందరినీ ఎరిగి ఉండడం సాధ్యం కాదు కనుక, ఈ పద్ధతి విజయం కూడా ఖైదీల సంఖ్యపైనే ఆధారపడుతుంది.

విస్తరణ జరిగే విధానం

విస్తరణకు ముందు కౌంటీ ఒక అవసరాల అధ్యయనం జరిపిస్తుంది. గత సంవత్సరాల అరెస్టులు, విడుదలలు, ఖైదీల వర్గాలు పరిశీలించి, రాబోయే 20 సంవత్సరాలకో అంతకు మించియో అంచనా వేస్తారు. 1974లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కరెక్షన్స్ అనే ఫెడరల్ సంస్థ ఇందుకు కౌంటీలకు సాంకేతిక సలహా ఇస్తూ వచ్చింది.

పాఠశాలను మరమ్మతు చేయాలంటే వేసవి సెలవులు ఉన్నాయి. జైలుకు సెలవులు లేవు. అందువలన పని దశలవారీగా సాగుతుంది. మొదట కొత్త విభాగాన్ని కట్టి, పాత విభాగంలోని వారిని అందులోకి మార్చి, ఖాళీ అయిన భాగాన్ని బాగుచేస్తారు. చోటు చాలకపోతే కొందరిని పొరుగు కౌంటీ జైలుకు పంపి, తలకు రోజుకు ఇంత అని చెల్లిస్తారు. దీనివలన ఖైదీలు తమ కుటుంబానికి, న్యాయవాదికి దూరమవుతారు. పనివారు తెచ్చిన ప్రతి పనిముట్టును లోనికి వెళ్ళేటపుడు, బయటకు వచ్చేటపుడు లెక్కిస్తారు.

మంచాలు పెంచితే చాలదు. వంటశాల, బట్టలుతికే చోటు, మురుగు కాలువలు, వైద్యశాల, కొత్తగా వచ్చినవారిని నమోదు చేసే విభాగం, న్యాయవాదులు కలిసే గదులు కూడా అదే నిష్పత్తిలో పెరగాలి. 200 మందికి వండే వంటశాల 400 మందికి వండవలసి వస్తే కిక్కిరింపు గదుల నుండి వంటింటికి మారుతుందే గాని తీరదు. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం తగిన వసతులు కల్పించడం కూడా అవసరం.

వ్యయం

నిర్మాణ వ్యయాన్ని కౌంటీలు సాధారణంగా బాండ్ల ద్వారా, అమ్మకపు పన్ను పెంపు ద్వారా సమకూర్చుకుంటాయి. చాలాచోట్ల దీనికి ఓటర్ల ఆమోదం కావాలి. ఓటర్లు తిరస్కరించిన సందర్భాలు కూడా అనేకం. కొన్ని కౌంటీలు అవసరానికి మించి కట్టి, మిగిలిన మంచాలను ఇతర ప్రభుత్వాల ఖైదీలకు అద్దెకు ఇవ్వజూస్తాయి.

అయితే భవనం జీవితకాలంలో నిర్మాణ వ్యయం చిన్న భాగం మాత్రమే. జీతాలే అధికం. ఒక కాపలా స్థానంలో రాత్రింబవళ్ళు ఒకరు ఉండాలంటే వారానికి 168 గంటలు. ఒక ఉద్యోగి వారానికి 40 గంటలు పనిచేస్తే 4.2 మంది కావాలి. సెలవులు, శిక్షణ కలిపితే ఐదుగురు అవుతారు. కనుక పది కాపలా స్థానాలు పెంచే నిర్మాణం యాభై కొత్త ఉద్యోగాలకు సమానం.

ఉదాహరణలు

లాస్ ఏంజెలెస్ కౌంటీ: ఇక్కడి పురుషుల కేంద్ర జైలు 1963లో ప్రారంభమై 1970వ దశకంలో విస్తరించబడింది. 1990వ దశకం మధ్యలో దీని సమీపంలో ట్విన్ టవర్స్ అనే జంట భవనాల జైలును కట్టారు. కాని నడపడానికి నిధులు లేక అది సంవత్సరానికి పైగా ఖాళీగా ఉండి, 1997లో తెరవబడింది. పాత కేంద్ర జైలు స్థానంలో కొత్తది నిర్మించే ఒప్పందాన్ని పాలక మండలి 2019లో రద్దు చేసి, చికిత్స, పునరావాసాలపై దృష్టి పెట్టాలని నిర్ణయించింది.

కుక్ కౌంటీ: షికాగో నగరం ఉన్న ఈ కౌంటీ జైలుపై 1974లో వేసిన వ్యాజ్యంలో 1982లో రాజీ ఒప్పందం కుదిరింది. ఖైదీలు నేలపై పడుకోవడం ఇందులో ప్రధాన ఫిర్యాదు. కౌంటీ కొత్త భవనాలు కట్టింది. 1983 నుండి న్యాయస్థాన ఆదేశంపై తక్కువ బెయిలు ఉన్నవారిని సొంత పూచీపై విడుదల చేసింది. అయినా కిక్కిరింపు చాలాకాలం కొనసాగింది. 2013లో సుమారు 10,000 ఉన్న ఖైదీల సంఖ్య, 2017లో బెయిలు నిబంధనలు మారిన తరువాత, 2019 నాటికి సుమారు 6,000కు తగ్గింది. 2023 సెప్టెంబరు 18 నుండి ఇల్లినాయి రాష్ట్రం నగదు బెయిలును పూర్తిగా రద్దు చేసింది. ఇలా చేసిన మొదటి రాష్ట్రం ఇదే.

కాలిఫోర్నియా: 2011లో బ్రౌన్ వర్సెస్ ప్లాటా కేసులో సుప్రీం కోర్టు, రాష్ట్ర కారాగారాలలోని జనాభాను నిర్మాణ సామర్థ్యంలో 137.5 శాతానికి తగ్గించాలన్న ఆదేశాన్ని సమర్థించింది. అదే సంవత్సరం అక్టోబరు నుండి, తీవ్రము కాని నేరాలలో శిక్ష పడినవారిని కౌంటీ జైళ్ళలోనే ఉంచే విధానం అమలులోకి వచ్చింది. ఆ విధంగా కారాగారాల భారం కొంత కౌంటీలపై పడింది. జైళ్ళ నిర్మాణానికి రాష్ట్రం 2007లో 120 కోట్ల డాలర్లు, 2012లో 50 కోట్లు, 2014లో మరో 50 కోట్ల డాలర్ల మేరకు బాండ్లకు అనుమతి ఇచ్చింది.

వాదోపవాదాలు

విస్తరణను సమర్థించేవారు, శిథిలమైన భవనాలలో మనుషులను ఉంచడం అమానుషమని, ఉద్యోగులకు కూడా ప్రమాదకరమని, చోటు లేక ప్రమాదకరమైన వారిని విడిచిపెట్టవలసి వస్తుందని అంటారు. వ్యతిరేకించేవారు, కట్టిన ప్రతి మంచమూ కొంతకాలానికి నిండుతుందని, చోటు ఉన్నదన్న ధైర్యంతో విచారణలు మందగిస్తాయని, అదే సొమ్ముతో చికిత్సాలయాలు నడపవచ్చునని వాదిస్తారు.

ప్రత్యామ్నాయాలు చాలాకాలంగా ఆచరణలో ఉన్నాయి. 1961లో న్యూయార్కులో మొదలైన మన్‌హాటన్ బెయిల్ ప్రాజెక్టు, స్థానికంగా కుటుంబం, ఉద్యోగం ఉన్నవారిని నగదు లేకుండా విడిచిపెట్టినా అత్యధికులు విచారణకు హాజరవుతారని చూపింది. 1989లో మయామీలో మాదక ద్రవ్యాల కేసులకు ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడింది. చిన్న నేరాలకు అరెస్టు బదులు నోటీసు ఇవ్వడం, విచారణ తేదీని ఫోను ద్వారా గుర్తుచేయడం కూడా ఇటువంటివే.

ఆచరణలో ఈ రెండు మార్గాలూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం కావు. శిథిల భవనాన్ని మార్చక తప్పని కౌంటీలు ఉన్నాయి. అట్టిచోట ముందుగా ఎవరు, ఎందుకు, ఎన్నాళ్ళు లోపల ఉంటున్నారో లెక్క తేల్చి, ఆ తరువాత ఎంత కట్టాలో నిర్ణయించడం సరైన క్రమం. నాలుగు రోజుల నిర్బంధం వలన కూడా ఒక మనిషి ఉద్యోగం, అద్దె ఇల్లు పోవచ్చును. స్థానిక జైళ్ళలో మరణాలకు కారణాలలో ఆత్మహత్య చాలాకాలంగా మొదటి స్థానంలో ఉన్నది. అనగా మంచాల సంఖ్యగా కనిపించే ఈ లెక్క వెనుక, ఇంకా తీర్పు వెలువడని మనుషుల బ్రతుకులు ఉన్నాయి.