వైర్‌గార్డ్ సొరంగం: కీ – చిరునామాల సంబంధం

ఇంటర్నెట్ మీదుగానే రెండు కంప్యూటర్ల నడుమ గుప్తీకరించిన ప్రైవేటు మార్గాన్ని ఏర్పరచే సాధనాలలో వైర్‌గార్డ్ ఒకటి. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రూపొందించిన ఈ సాధనం 2020లో లినక్స్ కెర్నల్ 5.6లో భాగమైంది. ఇందులో ప్రతి యంత్రానికీ ఒక రహస్య కీ, ఒక బహిరంగ కీ ఉంటాయి. మొదటిది యంత్రం దాటి వెళ్లరాదు. రెండవదానిని ఎదుటి యంత్రానికి నమ్మకమైన మార్గంలో అందించాలి.

నా దృష్టిలో దీని విశిష్టత వేగంలో లేదు, కీని చిరునామాతో ముడిపెట్టడంలో ఉంది. విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్‌కు సొరంగం లోపల 10.0.0.2 అనే చిరునామా ఇచ్చామనుకుందాం. ఇంటి కంప్యూటర్‌లో దాని బహిరంగ కీ కింద 10.0.0.2/32 అని నమోదు చేస్తే, ఆ చిరునామాకు పోవలసిన ప్యాకెట్లు ఆ కీ గల యంత్రానికే చేరతాయి. అదే యంత్రం వేరొక చిరునామా పేరిట పంపినవి తిరస్కరింపబడతాయి. పొరపాటున 0.0.0.0/0 అని రాస్తే ఐపీవీ4 రాకపోకలన్నీ సొరంగంలోకే మళ్లుతాయి.

క్షేత్రపర్యటనలో సేకరించిన ఇంటర్వ్యూలను ఇలా పంపే పరిశోధకులు దీని హద్దును గుర్తించాలి. దారిలో ఉన్నవారు విషయాన్ని చదవలేరు. కాని ఏ రెండు ఐపీ చిరునామాల నడుమ, ఎప్పుడు, ఎంత సమాచారం నడిచిందో చూడగలరు. గమ్యం చేరిన ఫైలుకు సొరంగపు రక్షణ ఉండదు. దానిని డిస్కులో విడిగా గుప్తీకరించుకోవలసిందే.