పెళ్లికీ పెళ్లికీ మధ్య.. ఎక్కడ తిందాం?

రాత్రి విశాఖలో పెళ్లి. మర్నాడు సాయంత్రం రాజమహేంద్రవరంలో ఇంకొకటి. మధ్యలో 16వ నంబరు జాతీయ రహదారి, కారులో పిల్లలూ పెద్దలూ. ఎక్కడ ఆగి తినాలి? బయటి లైట్లు, అద్దాలు చూసి ఆగకండి. బల్లలు త్వరత్వరగా ఖాళీ అవుతున్న చోట చూడండి, అక్కడ వంట నిలవ ఉండదు. పెనం మీంచి నేరుగా వచ్చే పెసరట్టు, పొగలు కక్కే అన్నం, పప్పుచారు అయితే దిగుల్లేదు. పొద్దుటి నుంచీ బయటే ఉన్న కొబ్బరి చట్నీతోనే చిక్కు. దాన్ని పక్కన పెట్టేయండి.

మధుమేహానికి గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకునే నాన్నగారుంటే మాత్రం 'మంచి హోటల్ వచ్చేదాకా' ఆగొద్దు. మాత్ర పడి, తిండి ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే, స్పృహలో ఉంటే, వెంటనే మూడు టీచెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలయ్యాక గ్లూకోమీటరుతో చూసి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వండి. కుదుటపడ్డాకే టిఫిను. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

దారిలో అన్నవరం ప్రసాదం ఎలాగూ వదలరు. చక్కెర పడిపోయినప్పుడు అది పనికిరాదు, నెయ్యి వల్ల తీపి నెమ్మదిగా ఒంటికి పడుతుంది. మామూలప్పుడైతే ఆయనకు ఒక్క చెంచా. సాయంత్రం విందులో కాజాలు కూడా ఉంటాయి మరి!